గుమ్మం చెక్క మీద గీతలు

అట్లా కాదు తల్లీ, ఈ తాత ఎట్లా చెప్తే అట్లాగే రాయి, సోకులు పెట్టకు. మీ అత్త, అదే నా కోడలు, పాలు కాస్తూ ఎడమ చేత్తో వంటింటి గుమ్మం చెక్కని తడుముతూ ఉంటుంది. మొదట్లో చూసి, పాపం నడుం నొప్పేమో, ఆనుకుందనుకున్నా. కాదట. వాయిస్తోందట.

నువ్వు నిన్ననే వచ్చావు, నీకు తెలీదు. మీ అత్తకి మూడు వాయిద్యాలు. మూడూ లావు గొంతువే, బేసులంటారు. పొద్దున బడిలో పిల్లల సైజుది నిలబెట్టి నేర్పుతుంది. సాయంత్రం హోటల్లో మెడకి తగిలించుకునే బేస్ గిటారు. తన సొంతది మాత్రం మనిషికంటే పొడుగు, నిలబడి పొదివి పట్టుకుని వాయించాలి. ఒక్కోదానికి వేళ్ళ ఎడం ఒక్కో రకం. "ఒకటి వదిలి ఇంకోటి పట్టుకుంటే చెయ్యి పాతింట్లోనే ఉండిపోతుంది మామయ్యా. బుజ్జగించి కొత్తింటికి తీసుకురావాలి. దానికి టైం కావాలి," అంది ఒకసారి. టైం ఎక్కడిది? ఇంట్లో అడుగు పెడితే నా మందులు, మీ మావయ్య క్యారేజీ, తడిబట్టలు. వాడేమో, "అన్నిటికీ నాలుగు తీగలేగా, ఏదైతే ఏంటి?" అంటాడు. నాలుగు కాళ్ళున్నాయని మంచాన్నీ గేదెనీ ఒకటే అనేట్టున్నాడు.

పెద్ద కచేరీ బృందంలో ఒక చోటు ఖాళీ అయింది. ఆ పెద్ద బేసు మీదే పరీక్ష. దానికోసం ఎన్నేళ్ళుగా కాచుకుందో! సరిగ్గా అప్పుడే నా మోకాళ్ళు పోయి నేనీ ఇంట్లో వచ్చి పడ్డా. నా మంచం వెయ్యడానికి మీ మావయ్య ఆ బేసుని తీసుకెళ్ళి మెట్ల కింద పడుకోబెట్టాడు. అక్కడ మనిషి నిలబడే వీల్లేదు. "మామయ్యకి మంచం కావాలి కదండీ," అంది తనే. నవ్వింది కూడా. ఆ నవ్వు చూడలేకపోయా.

తర్వాత దారం పట్టుకుని మెట్ల కింద దూరింది. ఏ వేలు ఎక్కడ పడాలో అక్కడల్లా ముడేసుకుని తెచ్చింది. ఆ ముళ్ళ ప్రకారం గుమ్మానికి సుద్దగీతలు. పాలు కాగేంత సేపు సాధన. పాలు పైకొచ్చాయంటే అయిపోయినట్టే.

పరీక్ష ముందురోజు హోటలువాళ్ళు సెలవివ్వలేదు. "ఉన్నది పోగొట్టుకోకు," అన్నాడు మీ మావయ్య. హోటలుకే వెళ్ళింది. మర్నాడు పరీక్షలో చెయ్యి గిటారు ఎడంలోనే నడిచిందట. ప్రతి స్వరమూ అందీ అందకుండా కాస్త కిందే ఆగిపోయిందట. "నాకు వినబడుతూనే ఉంది మామయ్యా. చెయ్యే మాట వినలేదు," అంటూ నా మందుబిళ్ళ, నీళ్ళు అందించింది. మింగాను.

మీ మావయ్య తడిగుడ్డ తెచ్చి గీతలు తుడిచేశాడు. "పరీక్ష అయిపోయిందిగా, రంగు పాడవుతోంది," అన్నాడు. ఆ తర్వాత పనిమీద ఊరెళ్ళాడు.

ఇవాళ పొద్దున చూశా. మళ్ళీ దారం తీసింది, సుద్దముక్క తీసింది, గీసింది. "మళ్ళీ ఎప్పుడమ్మా పరీక్ష?" అన్నా. "ఎవరో ఒకరు రిటైరవ్వాలి మామయ్యా," అంది, వేళ్ళు కదుపుతూనే. పాలు పొంగాయి. పొయ్యంతా పారాయి. తను గుమ్మం మీంచి చెయ్యి తియ్యలేదు.

మంచం నేనే లాగేద్దామని లేచా. కాళ్ళు నిలబడలేదు. మీ మావయ్య ఎదురుగా ఉంటే నాకు నోరు పెగలదు, వాడి నీడన బతుకుతున్నవాణ్ణి. అందుకే నీచేత రాయించా. ఇది వాడికి ఫోన్లో చదివి వినిపించు తల్లీ. రాగానే మంచం తీసెయ్యమను, నాకు కింద పరుపు చాలు. పాలు పొంగిన చోట మాత్రం తొందరపడకు, మెల్లిగా చదువు.