సీసాలో రంగు

పక్క మంచం ఆవిడకూ మా అత్తయ్యకూ ఒకే రోజు, ఒకే డాక్టరమ్మ, పొట్ట మీద నాలుగు చిన్న గాట్లు పెట్టి పిత్తాశయం తీసేసింది. ఆవిడకు పట్టీలు తప్ప ఇంకేమీ లేవు. అత్తయ్యకు మాత్రం కుడి పక్క నుంచి సన్నటి గొట్టం, దాని చివర గుప్పెడంత మెత్తటి ప్లాస్టిక్ సీసా వేలాడుతున్నాయి.

"ఆవిడకు లేని తోక నాకెందుకే?" అంది అత్తయ్య నాతో. జవాబు డాక్టరమ్మ చెప్పింది.

"అందరికీ పెట్టమండీ. మీది బాగా వాచి, కాలేయానికి అతుక్కుపోయింది. లోపల పైత్యరసం కారుతుందేమోనని అనుమానం. కారితే సీసాలోకి ఆకుపచ్చగా వస్తుంది. అలా రాకపోతే రేపు పొద్దున తీసేసి ఇంటికి పంపిస్తాను."

ఇక అత్తయ్యకు నిద్ర లేదు, కబుర్లు లేవు. సీసా ఎత్తి చూసుకోవడమే పని.

మర్నాడు నేను వెళ్లేసరికి సీసా ఖాళీగా ఉంది. నర్సు కాగితం మీద సున్నా వేసింది. డాక్టరమ్మ గొట్టం తీయడానికి చేతులకు తొడుగులు వేసుకుంటోంది. సీసా మాత్రం తళతళలాడుతోంది, మా ఇంట్లో గ్లాసుల్లాగే.

"అత్తయ్యా, కడిగారా?" అనేశాను.

అత్తయ్య నన్ను కొరకొరా చూసింది. "చూడ్డానికొచ్చే వాళ్ల ముందు ఆ మురికి వేలాడేసుకుని కూర్చోమంటావా?"

డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది. "కొలవకుండా పారబోశారా? ఏ రంగులో ఉంది?"

అత్తయ్య ముప్పై ఏళ్లు కుట్టుదారాల దుకాణంలో పనిచేసింది. ఏ గుడ్డకు ఏ దారపు కండె సరిపోతుందో చెప్పడంలో ఆమెకు ఎదురులేదు.

"గడ్డి రంగు."

"పచ్చి గడ్డా, ఎండు గడ్డా?"

'ఎండు' అంటే చాలు, అరగంటలో ఇంటికి వెళ్లిపోవచ్చు. అత్తయ్య ఖాళీ సీసా వైపు చూసింది.

"తెల్లారకముందు ట్యూబులైటు కింద చూశానమ్మా. ఆ వెలుగులో రంగు నమ్మకూడదు. నేనైతే ఆ వెలుగులో దారం అమ్మను."

సాయంత్రం దాకా చూద్దామంది డాక్టరమ్మ. నర్సు కాగితం మీది సున్నాను కొట్టేసింది. సీసాలో గాలి పోయేలా నొక్కి మూత బిగించి, "ఇంక దీన్ని ముట్టుకుంటే ఊరుకోను, మామ్మగారూ" అంది. పక్క మంచం ఆవిడ సంచీ సర్దుకుని వెళ్లిపోయింది. అత్తయ్య అటు చూడనేలేదు. చుక్క చుక్కకూ నన్ను పిలిచి చూపించింది.

సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, నర్సు కొలిచింది. పదిహేను మిల్లీలీటర్లు. కొలత గిన్నె కిటికీ దగ్గర పెట్టి నర్సు, డాక్టరమ్మ, అత్తయ్య ముగ్గురూ వంగి చూశారు.

"ఎండు గడ్డే" అంది అత్తయ్య. డాక్టరమ్మ తలూపింది.

గొట్టం బయటికి వచ్చేటప్పుడు అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, కళ్లు మాత్రం మూసుకోలేదు.

"ఇంత పొడుగుదా నా పొట్టలో ఉన్నది! పారేయకండి, ఒక్కసారి ఇటివ్వండి, చూస్తాను."