ఉదయ్ భాస్కర్ చూసింది

గోడలకు చెవులుంటాయంటారు. గచ్చిబౌలిలో వాసంతి పనిచేసే ఆఫీసులో గోడలన్నీ అద్దాలే కనుక వాటికి కళ్ళు కూడా ఉన్నాయి. కరువుతీరా ఏడుద్దామన్నా చోటుండదు. అలాంటి ఒక మీటింగు గదిలో ఫోను ముందు పెట్టుకుని, ప్రాణాలు గుప్పెట్లో పట్టుకుని కూర్చుంది.

ఆమె భర్త ఉదయ్ భాస్కర్ విలేకరి. యుద్ధం జరుగుతున్న దేశానికి వెళ్ళి, అక్కడి సైన్యం ఆసుపత్రి మీద బాంబు వేసిందని రాశాడు. గూఢచారి అని పట్టుకుపోయారు. మన రాయబార కార్యాలయం నెలల తరబడి బతిమాలగా బతిమాలగా వాళ్ళు ఒక మెట్టు దిగారు. రాసింది అబద్ధమని సంతకం పెడితే వదిలేస్తారట. అతనేమో పెట్టనంటున్నాడు.

"ఇవాళ ఆయనతో ఫోనులో మాట్లాడిస్తారు, మీరే ఒప్పించాలండీ," అని పొద్దున్నే ఫోను చేసి చెప్పాడు రాయబార కార్యాలయం అధికారి రవికిరణ్. "కేసు సైనిక కోర్టుకు వెళ్ళిందంటే మా చేతుల్లో ఉండదు. వాళ్ళకు తెలుగేం తెలుస్తుందిలే అనుకోకండి, తర్జుమా చేసే దుబాసీ పక్కనే ఉంటాడు."

సైనిక కోర్టులో ఏం చేస్తారని వాసంతి అడగలేదు. అడిగితే చెబుతాడేమోనని భయం.

ఫోను మోగింది.

"వాసంతీ, తిన్నావా?"

భర్త గొంతు పీలగా ఉంది. ఆమె ఒకటే అంది. "సంతకం పెట్టేయండి. బతికుంటే బలుసాకు తినొచ్చు. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఆ ఆసుపత్రి మంచాల మీద పిల్లల్ని ఈ కళ్ళతో చూశాను. చూడలేదని ఎలా రాయను?"

అద్దం మీద ఎవరో తట్టారు. పక్క టీములో పనిచేసే రేఖ తల లోపలికి పెట్టి, "అక్కా, జర రూమ్ ఇస్తవా? మా మీటింగుంది," అంది. వాసంతి ముఖం చూడగానే ఇంకేమీ అనకుండా తలుపు మూసి, బయట అడ్డంగా నిలబడింది.

వాసంతి మళ్ళీ బతిమాలింది. "సరే," అన్నాడు ఉదయ్ భాస్కర్. "లోకమంతా అబద్ధమనుకోనీ. నువ్వొక్కదానివి నమ్మావు కదా? ఆ మాట చెప్పు, పెట్టేస్తాను."

అవతల ఇంకెవరిదో, దుబాసీది కాబోలు, ఊపిరి వినిపిస్తోంది. నమ్మానంటే ఆ సంతకం ఉత్తుత్తిదని వాళ్ళకు తెలిసిపోతుంది, ఇక అతన్ని వదలరు. అతను రాసింది మొట్టమొదట చదివింది ఆమే. ఆ రోజు అన్నం సహించలేదు.

"లేదండీ," అంది. "మీరే పొరబడ్డారు. నేనెప్పుడూ నమ్మలేదు."

ఇక పెట్టనంటాడేమోనని ఆమె ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"పెన్ను ఇవ్వండి," అన్నాడతను, పక్కనున్న వాళ్ళతో. ఆమెతో ఇంకేమీ మాట్లాడలేదు.