ఆఫీసు బుట్ట

సర్కారు లిస్టులో తన పేరు పడిందని బసవపున్నారావు చంకలు గుద్దుకుంటూ ఇంటికొచ్చాడు.

"ఏమే బుజ్జీ, ఇలా రా! గవర్నమెంటువాళ్ళు నా పేరు అచ్చేశారు. ఇంటిపేరుతో సహా! మన ఊరి సచివాలయం గోడకి అంటించారు," అంటూ ఫోన్లో ఫొటో చూపించాడు.

బుజ్జమ్మ వసారాలో కూర్చుని రసాల బుట్టల్లో వరిగడ్డి సర్దుతోంది. చేతికంటిన గడ్డి దులుపుకుని ఫోను తీసుకుంది. ఏ ఆఫీసు ఎవరి దగ్గర ఏం కొన్నదీ, ఎంత చెల్లించిందీ జనానికి తెలిసేలా గోడకి అంటించాలని ఈ ఏడు కొత్తగా ఉత్తర్వు వచ్చింది. ఇది తోటల ఆఫీసు పోయినేటి లిస్టు. టెంట్లు, కుర్చీలు, కారు అద్దెలు అన్నీ దాటుకుంటూ వస్తే అట్టడుగున మొగుడి పేరుంది. సరఫరాదారు బసవపున్నారావు. సరుకు మామిడి పళ్ళు. సందర్భం రైతు అవగాహన సదస్సులు. ఆ పక్కన ఇంకో గడి కూడా ఉంది కానీ, పేరు చూసుకుని మురిసిపోయిన మనిషికి అక్కడిదాకా చదివే ఓపిక లేకపోయింది. డజను తొమ్మిది వందల చొప్పున నగదుగా చెల్లించినది రెండు లక్షల పదహారు వేలు అని ఉంది అందులో.

"ఈ డబ్బేదండీ?" అంది బుజ్జమ్మ.

"ఏ డబ్బు?"

"మీకిచ్చిన డబ్బు."

ఆయన ఫోను లాక్కుని కళ్ళజోడు సర్దుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

రెడ్డిగూడెం అవతల ఆ ఊళ్ళో ఆఫీసు బుట్ట అనేది ఒక ఆనవాయితీ. మొదటి కోతలో మేలైన రసాలు ఏరి, మాగేసి, తోటల ఆఫీసుకి ఊరికే పంపాలి. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, మానేసే ధైర్యం ఎవరికీ లేదు. పంపకపోతే కాయలకి తొడిగే కవర్ల సబ్సిడీ ఆగిపోవచ్చు, డ్రిప్పు పైపుల ఫైలు బీరువాలోనే పడుకోవచ్చు. అడిగి పుచ్చుకుంటే లంచం అంటారు, బుట్టలో గడ్డి పరిచి పంపితే మర్యాద అంటారు. ఆ మర్యాదకి ఊరి తరఫున పెద్దమనిషి బసవపున్నారావు. బుట్టలు పట్టుకెళ్ళేది ఆయన, ఆఫీసరు ఎదురుగా కుర్చీలో కూర్చుని టీ తాగొచ్చేది ఆయన. ఇల్లిల్లూ తిరిగి కాయలు అడిగి తెచ్చేది మాత్రం బుజ్జమ్మ.

"సంతకం పెట్టారా ఎక్కడైనా?" అని అడిగింది.

బసవపున్నారావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "తోటల ఆఫీసరు ఉదయశంకర్ గారు అడిగారు. మీలాంటి పెద్దల సంతకం మా ఫైల్లో ఉండాలండీ, పళ్ళు మీ ఊరి నుంచి వచ్చినట్టు రికార్డవుతుంది అన్నారు. రెవెన్యూ స్టాంపు అంటించిన కాగితాలు ఇచ్చారు."

"వాటి మీద ఏం రాసుంది?"

"ఏమీ లేదు. ఖాళీగానే ఉన్నాయి."

ఖాళీ కాగితం మీద, స్టాంపుకి అడ్డంగా, కింద తోక తిప్పిన ఆ సంతకం బుజ్జమ్మకి తెలుసు. పెళ్ళి శుభలేఖల మీద కూడా అదే తోక తిప్పేవాడు. ఈ మనిషిని మోసం చెయ్యడానికి తెలివితేటలు అక్కర్లేదు, కుర్చీ వేసి గారూ అంటే చాలు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

పొద్దు వాలేవేళకి మగ్దలేనమ్మ వచ్చింది. చెరువు కట్ట అవతల ఆవిడకి నాలుగే నాలుగు పెద్దరసాల చెట్లున్నాయి. ఎప్పుడొచ్చినా అరుగు మీద చతికిలబడి మంచినీళ్ళు అడిగే మనిషి, ఆ రోజు గేటు దగ్గరే నిలబడిపోయింది.

"గోడ మీద కాయితం పాస్టరుగారు చదివి చెప్పారండి, బుజ్జమ్మగారూ," అంది.

"ఆ డబ్బు మాకు రాలేదు, మగ్దలేనమ్మా."

"కాయితంలో ఉందంట కదండీ. వచ్చిందో రాలేదో నాకెందుకులెండి." ఆవిడ కొంగు వేలికి చుట్టుకుంది. "పోయినేడు గాలివానకి అంతా రాలిపోయింది. చెట్లకి మిగిలిందే ఓ గంపెడు. మీరొచ్చి ఆఫీసుకమ్మా, తప్పదు అన్నారు. మారుమాట్లాడకుండా ఇచ్చేశాను. అమ్మడానికి అని చెప్పుంటే నేనే అమ్ముకునేదాన్ని కదండీ, మందులకైనా వచ్చేవి."

ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయింది. నాలుగు తిట్టి వెళ్ళినా బుజ్జమ్మకి ఇంత బాధ ఉండేది కాదు. ఆ గంపెడు కాయలూ తనే, ఈ చేతులతోనే తీసుకుంది. ఆవిడ గుమ్మంలో ఇక ఏ మొహం పెట్టుకుని నిలబడాలి? తల కొట్టేసినట్టయింది.

మర్నాడు మొగుణ్ణి వెంటబెట్టుకుని తోటల ఆఫీసుకి వెళ్ళింది. ఉదయశంకర్ కుర్చీలోంచి లేచి మరీ నమస్కారం పెట్టాడు. ఏనాడూ తోటలో అడుగుపెట్టి మామిడి కొమ్మ ముట్టుకున్న పాపాన పోలేదు గానీ, గోడ మీద మాత్రం మామిడి సాగు మెళకువలు రంగుల్లో వేలాడుతున్నాయి.

"టెన్షనెందుకండీ బసవపున్నారావు గారూ! అది జస్ట్ అకౌంటింగ్. పళ్ళు ఊరికే వచ్చాయని రాస్తే ఆడిట్ ఒప్పుకోదు. ఏదో ఒక రేటు వెయ్యాలి."

"డజను తొమ్మిది వందలు వేశారు," అంది బుజ్జమ్మ. "ఆ రేటుకి కొనేవాణ్ణి మేము ఇంతవరకూ చూడలేదండీ. ఎవరు తీసుకున్నారు ఆ డబ్బు?"

"ఆఫీసు ఖర్చులకి వాడామమ్మా. అన్నిటికీ బడ్జెట్ ఉండదు కదా."

"సదస్సు ఎప్పుడు జరిగింది?"

"జరిగినట్టే అనుకోండి."

"అయితే ఆ డబ్బు మాకు ముట్టలేదని రాసి అదే గోడకి అంటించండి."

ఉదయశంకర్ పసిపిల్లకి చెప్పినట్టు నవ్వాడు. "ఒకసారి పబ్లిష్ చేశాక మార్చడానికి వీల్లేదమ్మా. పారదర్శకత అంటే అదే మరి." తర్వాత బసవపున్నారావు వైపు వంగాడు. "ఒక పని చేద్దాం. ఈ ఏడాది బిల్లు నిజంగానే మీకిచ్చేస్తాం. సగం. ఎలాగూ లిస్టులో మీరే ఉన్నారు. సాయంత్రానికల్లా బుట్టలు పంపేయండి."

బసవపున్నారావు మీసం కింద చిన్న నవ్వు మొలవబోయింది. బుజ్జమ్మ చూసింది. నిన్న దొంగని చేసినందుకు కోపం రాని మనిషి, రేపు దొంగతనంలో వాటా అంటే సంబరపడుతున్నాడు. అక్కడికక్కడే లేచి బయటికి నడిచింది.

ఇంటికొచ్చాక వసారాలో మాగిన రసాల బుట్టలు వరసగా ఉన్నాయి. వాసనకి ఈగలు ముసురుతున్నాయి. బుజ్జమ్మ ఒక తెల్లకాగితం, పెన్ను తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

"రాయండి. నాకు ఒక్క రూపాయి ముట్టలేదు, ఖాళీ కాగితాల మీద సంతకం పెట్టాను, పళ్ళు ఊళ్ళోవాళ్ళు ఊరికే ఇచ్చినవి, ఏ సదస్సూ జరగలేదు అని."

"పిచ్చా నీకు? ఖాళీ కాగితం మీద సంతకం పెట్టానంటే ఊళ్ళో నన్ను వెధవ అనుకోరూ?"

"ఇప్పుడు దొంగ అనుకుంటున్నారు. ఏది నయమో మీరే చూసుకోండి."

"పరువు పోతుందే!"

"మీ పరువు కోసం నేను గడప గడపా తిరిగి కాయలు అడుక్కొచ్చాను. ఆ ఆడవాళ్ళ మొహాలు చూడాల్సింది నేను. మీరు రాయకపోతే నేనే వెళ్ళి నడివీధిలో చెబుతాను, మా ఆయన టీకప్పుకి అమ్ముడుపోయాడని."

ఆయన పెన్ను తీసుకున్నాడు. రాశాడు. కింద సంతకం పెట్టేటప్పుడు ఎందుకో తోక తిప్పలేదు.

సాయంత్రం ఆటోలో బుట్టలన్నీ ఎక్కించి సచివాలయం దగ్గర దింపించింది బుజ్జమ్మ. తోటల ఆఫీసు లిస్టు కిందే ఆ కాగితాన్ని అన్నం మెతుకులతో అంటించింది. కబురందుకుని జనం పోగయ్యారు. చదవలేనివాళ్ళ కోసం పైకి చదవమని మొగుడికి చెప్పింది. బసవపున్నారావు చదివాడు. ఖాళీ కాగితాలు అన్నచోట గొంతు బాగా తగ్గించేశాడు. వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన తల వంచుకుని మళ్ళీ మొదటినుంచి, ఈసారి అందరికీ వినబడేలా చదివాడు. తన ఊరి వాళ్ళ ముందు ఆయన నిజంగా పెద్దమనిషిలా నిలబడింది ఆ ఒక్కసారే, అది ఆయనకి తెలియను కూడా తెలియదు.

బుజ్జమ్మ ఈ ఏడు మగ్దలేనమ్మ ఇచ్చిన కాయల బుట్ట ఎత్తి ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టింది. "నీ కాయలే. తీసుకో. పోయినేటివి ఇవ్వలేను," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మగ్దలేనమ్మ గోడకేసి చూసింది, బుట్టకేసి చూసింది. గడ్డి తప్పించి ఒక రసం తీసి, రెండు అరచేతుల మధ్య మెత్తగా పిసికి, తొడిమ కొరికి ఊసి, నోట పెట్టుకుంది. రసం మోచేతిదాకా కారింది.

"నా చెట్టు మొదటి కోత కాయ నేను తినడం ఇదేనండి. ఏటా బుట్టలోకే పోయేది," అని ఇంకో కాయ తీసి బుజ్జమ్మ చేతిలో పెట్టింది. "తినండి. చేతులు కడుక్కోడానికి మా ఇంటికి పోదాంలెండి."

ఆ మాటతో మిగతా ఆడవాళ్ళు కూడా తమ తమ బుట్టలు విప్పారు. సచివాలయం మెట్ల మీద, గోడ వారన, ఎక్కడివాళ్ళక్కడ కూర్చుని తినడం మొదలుపెట్టారు. బసవపున్నారావు జేబులో ఫోను మోగింది. పేరు చూసి తెల్లమొహం వేసి, భార్యకి ఇచ్చేశాడు.

"బుట్టలు ఇంకా రాలేదేంటండీ?" అన్నాడు అవతల ఉదయశంకర్. "రేపు పైనుంచి సార్లు వస్తున్నారు."

"రావండీ," అంది బుజ్జమ్మ, పెదాల మీది రసం తుడుచుకుంటూ. "మీ రైతు అవగాహన సదస్సు ఇక్కడ జరుగుతోంది. ఊరంతా వచ్చారు, పళ్ళు తింటున్నారు. బిల్లు మీరు ముందే పెట్టేసుకున్నారుగా."