నేర్చుకునేవాళ్ళ పెట్టె

ఏ శుభకార్యానికైనా ముందుగా గుప్పెడు పసుపులో ఒదిగి, తమలపాకు మీద కొలువుదీరే విఘ్ననాయకా! తొలి అడుగు తడబడుతుందని ఎరిగే కదా తొలిపూజ నీవు అందుకున్నావు. ఆర్మూరు ఇల్లాలు యమున కథ చెప్పబోతున్నాను. నా పలుకు వెంట నిలువు తండ్రీ.

ఉడికించి ఎండబెట్టిన పసుపులోంచి పొడుగు కొమ్ములైన కాడిని ఒక కుప్పగా, గుండ్రని దుంపలైన గోళను ఒక కుప్పగా ఏరుతూ యమున భర్తకు ఒక కోరిక చెప్పింది. కూతురు దీక్షిత చదివే కాలేజీ ప్రదర్శనలో అరచేయంత బండి ఒకటి నేల మీది నల్లగీతను పట్టుకొని పోయి, మలుపు వచ్చినచోట తనంతట తానే తిరిగింది. ఆనాటి నుండి అన్నం వండుతున్నా, అంట్లు తోముతున్నా ఆ బండే ఆమె కళ్ళ ముందు తిరుగుతున్నది. అటువంటిది తన చేతులతో చేయాలి. అందుకు కావలసిన సామాను పెట్టె కొనాలి.

భూమేష్ మంచివాడు, వద్దనలేదు. దీక్షిత కోసమా అని అడిగాడు. కాదు, నాకే అన్నది. అతడు ప్రేమగానే నవ్వాడు.

"డబ్బా తెరిస్తే ఉరికేది తెచ్చుకోరాదు? గా తీగలు గీగలు నీతోని యాడయితయి యమునా."

ఆ మాటలో కోపం ఉంటే బదులు చెప్పేది. జాలి ఉన్నందున అది కంటిలో నలుసులా మిగిలిపోయింది. తనతో కాదని ఈయనకెలా తెలుసు? తనకే ఇంకా తెలియదే. ఈ ఇంట తాను ఏనాడైనా ఏదైనా నేర్చుకుంటూ కనిపించిందా? వరి తప్ప మరో పంట ఎరుగని ఊరి నుండి కాపురానికి వచ్చిన తొలి ఏడే పసుపు ఉడికే కడాయి దగ్గర కూర్చోబెట్టారు. ఎప్పుడు దించాలో ఎవరూ చెప్పలేదు. పసుపు మెత్తబడి రంగు తప్పింది. కూలివాళ్ళందరి ముందు అత్త మంగవ్వ, "తల్లిగారింట్ల పసుపు మొకమే చూసినట్టు లేదు" అన్నది. అందరూ నవ్వారు. కోడలంటే అన్నీ వచ్చి ఉండాలి. రాకపోతే అది పుట్టింటి తప్పు. ఆ దినం మొదలు యమున ఏ పనినీ రాదనలేదు. దొంగచాటుగా చూసి, దొంగచాటుగా నేర్చి, పుట్టుకతోనే వచ్చినట్టు చేసింది.

నిజామాబాదులో ఆ సామాను అమ్మే ప్రేమ్‌చంద్, "బాబు ఏ క్లాసమ్మా?" అని అడిగాడు. బాబు లేడు, నేర్చుకునేది తానేనన్నది. అతడు వింతపడక రెండు పెట్టెలు ముందుంచాడు. మొదటిదానిలో ముక్కలు ఒకదానికొకటి టక్కున అతుక్కుంటాయి. అప్పుడే ఉరుకుతుంది, కానీ ఎన్నటికీ అదే బండి. రెండవదానిలో ఒక సర్క్యూట్ పలక, చక్రాలు, మోటార్లు, తీగలు. టంకం పని లేదు, తీగలను రంధ్రాల్లో గుచ్చితే చాలు. బండికి ఇచ్చే ఆజ్ఞలను ఫోనులో రంగుముక్కలుగా పేర్చుకోవాలి. కాస్త ఆలస్యమవుతుంది. ఆ తరువాత దానితో బండే కాదు, ఏది తోస్తే అది చేయవచ్చు.

"దీంట్ల తప్పులైతయి అక్కా. కని తీగ పీకి మళ్ళ పెట్టుకోవచ్చు. నేర్చుకునేటోళ్ళ కోసమే చేసిన్రు."

"తప్పయితే ఏం గాదా?" మరల వినాలని అడిగింది యమున.

"ఏం గాదు."

రెండవ పెట్టెను ఒడిలో పెట్టుకొని బస్సెక్కింది.

మరునాడు సామాను తాంబాళంలో పరచి, పాలు పొంగుతున్నాయని లోపలికి పోయింది. మంగవ్వకు ఒక నియమం ఉన్నది. ట్రాక్టరు గానీ ఫ్రిజ్జు గానీ, బొట్టు పెట్టనిదే ఆ ఇంట కొత్త వస్తువు కదలరాదు. పసుపును నీళ్ళలో కలిపి, పలక నట్టనడుమ నిండుగా అద్ది, కుంకుమ పెట్టి దండం పెట్టింది. యమున వచ్చి, బొట్టు ముచ్చట చూసి నవ్వుకొని, బ్యాటరీ తగిలించింది. పలక మీది చిన్న దీపం ఒక్కసారి మిణుకుమని ఆరిపోయింది. అప్పుడు కనబడింది, సన్నని లోహపు కాళ్ళ నడుమ పారిన పసుపునీరు. గభాలున బ్యాటరీ పీకింది.

మంగవ్వ ముఖం వాడిపోయింది. "నేనే ఖరాబు జేసిన్నా బిడ్డా?"

ఇన్నేళ్ళుగా దాచుకున్న మాట యమున నాలుక చివరకు వచ్చింది. తల్లిగారింట్ల కరెంటు మొకమే చూడలేదా అత్తమ్మా అని. అచ్చంగా సరిపోయే మాట. వినడానికి వాకిట్లో కూలివాళ్ళు కూడా ఉన్నారు. ఎదురుగా, తప్పు చేసిన పిల్లలా చేతులు కొంగులో దాచుకున్న ముసలి మనిషి ఉన్నది. ఆ నిలుచునే తీరు యమునకు తెలుసు. కడాయి పక్కన తానూ అట్లాగే నిలుచున్నది.

"ఏం గాదు అత్తమ్మా. ఇది నేర్చుకునేటోళ్ళ కోసమే చేసిన్రట."

పొడిబట్టతో పలక తుడవసాగింది. మంగవ్వ పక్కనే కూలబడి, నేలను చూస్తూ అన్నది.

"పసుపు ఉడికిందా అని పుల్ల గుచ్చి చూడాల్నని గా పొద్దు కడాయి కాడ నీకు ఎవలు చెప్పలే."

యమున తల ఎత్తలేదు. కన్నీళ్ళు పలక మీద పడతాయని ముఖం పక్కకు తిప్పుకున్నది.

నీడన ఆరిన పలకలో మరునాడు దీపం వెలిగింది. యమున తీగలు గుచ్చి, ముందుకు పొమ్మని ఆజ్ఞ పేర్చింది. బండి వెనుకకు పోయింది. భూమేష్ నవ్వు ఆపుకొని చేయి చాచాడు.

"ఎనుకకు పోతుంది గదనే. ఇటు తే, నేను మార్త."

"తప్పు పెట్టింది నేను. మార్చేది గూడ నేనే. జర పోనీయి."

అతడు చేయి వెనుకకు తీసుకొని ఆమె పక్కన కూర్చున్నాడు. ఆ ఇంట యమున చేసిన తప్పు ఒకటి, ఎవరూ దిద్దకుండా, ఎవరూ నవ్వకుండా, గడప జారి వాకిట్లోకి తన దారిన తాను పోయింది.

ఈ కథ విన్నవారి చేతులకు నేర్చే ఈడు దాటకుండు గాక. తప్పు చేసిననాడు వారిని ఓర్చే ఇల్లు దొరుకు గాక. అందరికీ మేలగు గాక.