రాగి గదిలో శబ్దం

తలుపు దగ్గర చెప్పులు విడిచి, అతను వట్టి కాళ్లతో ప్రయోగశాలలోని రాగి గదిలోకి వెళ్లాడు. గోడలకీ, పైకప్పుకీ, తలుపుకీ కూడా రాగిరేకు కొట్టిన చిన్న గది. కిటికీ లేదు. మధ్యలో మనిషెత్తు ఇనుప పీపా. మందపాటి తొడుగులు వేసుకుని గొట్టం తగిలించి, పీపాలోకి చల్లటి ద్రవం వదిలాడు. తెల్లగా పొగ లేచింది. చలికి మొద్దుబారి అతని వేళ్ల చివరలు ఎప్పుడో కాయలు కాశాయి.

పీపా అడుగున ఆవగింజంత పలక ఉంటుంది. పెన్సిలు ముల్లులో ఉండే బొగ్గు లాంటిదాన్ని టేపు అంటించి లాగి, ఒక్క పొర తీసి దాని మీద పరుస్తారు. కంటికి ఆనదు. అందులో కరెంటు ఎలా పోతుందో చూస్తారు. మీటరు ముల్లు గీత దాటకుండా వాల్వు తిప్పుతూ పక్కన కూర్చోవడం అతని పని.

చేరిన రోజున పెద్దసారు ఒకటే చెప్పాడు. "ఇక్కడ మేం కొలిచేది శబ్దం. బయటి శబ్దం రవ్వంత కలిసినా అంతా పాడు."

ఆ రోజునుంచి అతను శబ్దం చెయ్యలేదు. దగ్గొస్తే తువ్వాలు నోట్లో కుక్కుకునేవాడు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. తలుపు గొళ్లేనికి గుడ్డ చుట్టాడు. కుర్చీ కాళ్లకి రబ్బరు తొడిగాడు. భార్య రేడియో పెడితే తగ్గించమని చెయ్యి ఊపేవాడు. మాటా తగ్గిపోయింది. పనిచోట అందరికీ మూగబాబాయి అయ్యాడు.

ఈ ఉదయం భార్య సంచి సర్దుకుంది.

"గోడతో కాపురం చేసినా బాగుండేది. తడితే చప్పుడైనా చేస్తుంది," అంది. "మధ్యాహ్నం బస్సుకి చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతున్నా. ఇక రాను. ఉండమని మీ నోటితో ఒక్కసారి అనండి, సంచి విప్పేస్తా."

నోరు తెరిచాడు. మళ్లీ మూసి చెప్పులు తొడుక్కున్నాడు. భోజనానికి వచ్చి చెబుదాంలే అనుకున్నాడు. మధ్యలో వస్తానని ఆమెకి తెలియడానికి అన్నం డబ్బా కావాలనే వదిలేసి వచ్చాడు.

పరిశోధన చేసే అమ్మాయి తలుపు బిగించి కంప్యూటరు తెర ముందు కూర్చుంది. భోజనం వేళకి అయిపోతుందంది. అవలేదు. గీత వంకరగా వచ్చిందని మళ్లీ మొదలుపెట్టింది. అతను తలుపు వైపు చూశాడు. అంతలో దగ్గొచ్చింది. తువ్వాలు కుక్కుకున్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి.

"అయ్యో, దగ్గండి బాబాయ్! ఎందుకలా ఊపిరాడక చస్తారు?"

"శబ్దం," అని పెదవులతోనే అని, పీపా చూపించాడు.

అమ్మాయికి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక పకపకా నవ్వింది. "ఈ శబ్దం ఆ శబ్దం కాదు బాబాయ్! ఇది చెవికి వినపడదు. కరెంటు నీళ్లలా పారదు, గింజలు గింజలుగా దూకుతుంది. అందుకే అదురు. ఆ అదురునే మేం శబ్దం అంటాం. స్టేషను దొరక్కపోతే రేడియో గర్రుమంటుంది చూడండి, అలాంటిది. మీరు పాటలు పాడుకున్నా దానికి పట్టదు. తలుపు తీస్తేనే తంటా, బయటి ఫోన్ల సిగ్నళ్లన్నీ లోపలికి దూరతాయి."

"ఇంత చల్లబెడితే ఆగదా?" ఆ గదిలో తన గొంతు తనకే కొత్తగా ఉంది.

"తగ్గుతుంది. ఎంత చల్లబెట్టినా కొంచెం మిగులుతుంది."

అతను తువ్వాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత గట్టిగా దగ్గాడు. తెర మీద గీత కదల్లేదు.

"ఉండు," అన్నాడు మెల్లగా. ఇంకోసారి గట్టిగా అన్నాడు. "ఉండు!"

"ఉంటాలెండి బాబాయ్," అంది అమ్మాయి తెర మీంచి చూపు తిప్పకుండా. "ఇది అయ్యేదాకా నేను మాత్రం ఎక్కడికి పోతాను?"

తలుపు తియ్యమని అడగడానికి నోరు రాలేదు. ఇన్నేళ్లు వాడని నోరు, ఒక్క రోజులో రెండు మాటలకి చాలలేదు.

తలుపు తెరుచుకునేసరికి సాయంత్రమై ఎండ గోడలెక్కింది. చెప్పులు నేలకేసి టపటపా కొడుతూ, ఆ ఒక్క మాటే అనుకుంటూ ఇంటికి నడిచాడు. గొళ్లెం పట్టుకుని తలుపుకేసి కొట్టాడు. గుడ్డ చుట్టి ఉంది. చప్పుడు కాలేదు.

లోపలినుంచి ఏదో హోరు వినిపిస్తోంది. తోసుకుని లోపలికి వెళ్లాడు. సంచి లేదు. అన్నం డబ్బా పొద్దున వదిలినచోటే ఉంది.

"ఉండు," అన్నాడు. ఈసారి బాగా పలికింది.

బల్ల మీద రేడియో ఉంది. ఎన్నడూ లేనిది, ఆమె దాన్ని పూర్తిగా పెంచి పెట్టి వెళ్లింది. స్టేషను ఎప్పుడు జారిపోయిందో, గర్రుమంటూనే ఉంది.