సైరన్ ఎరిగిన ఎలుగు

మా గుట్ట మీద అడవి జంతువులు లేవని రాసిన కాయితం మీద సంతకం పెట్టింది నేనే. ముందుగాల గదే చెప్తున్న.

ప్రైవేటు సర్వే మనిషి ఆ కాయితం తెచ్చిండు. గని పడితే ఊరోళ్లకు పనులొస్తయని నేను ధర్నాలు చేస్తున్న కాలం. చదువకుంటనే గీకిన. ఇప్పపువ్వు ఏరబోతే ఎలుగు ఎదురొచ్చిందని మా వదిన సారక్క మొత్తుకున్నది. డ్యూటీల కోసం ఎలుగునే మాయం చేస్తివి గదా మరిదీ, అని పదిమందిల అన్నది. నవ్వి కొట్టిపారేసిన.

గని పడ్డది. నాకు ఎర్రజెండ డ్యూటీ దొరికింది. బండ పేల్చేముందు బాట మీద మనుషులను ఆపుడు. రోజూ మధ్యాహ్నం రెండింటికి సైరన్ మోగుతది, గుట్ట ఇంత తరుగుతది.

మొన్న మంగళారం పేల్చే జాగ మారింది. సైరన్ మోగంగనే నేను, బండ పేల్చే గులాం అలీ పాత ఇనుప డబ్బా దిక్కు ఉరికినం. రాళ్లు మీద పడకుండ దాక్కునే డబ్బా అది, నెల కింద వదిలేసినం. ముందున్న గులాం భాయ్ గుమ్మంలనే ఆగి, చేత్తో నన్ను ఎనుకకు నెట్టిండు.

లోపల ఎలుగు. వీపు మీద రెండు పిల్లలు. మీదికి రాలె, గుర్రుమనలె. తల గోడకు ఆనించి, మా లెక్కనే పేలుడు కోసం చూస్తున్నది. కింద ఎండిన పెంట, రాలిన బొచ్చు. రోజూ వస్తున్నది.

"దీనికి సైరన్ ఎరుకైంది అన్నా," అన్నడు గులాం భాయ్.



పేలుడు మందు నింపిన బొక్కలను పేల్చకుండ వదిలి పోరాదు. దూరం పోయి డంపర్ చాటు నుంచి పేల్చినం. దుమ్ము దిగినంక ఎలుగు బయటికొచ్చి, తన గుహ దిక్కు ఎక్కింది. గుహ లేదు. బండలను వాసన చూసుకుంట అటు తిరిగింది, ఇటు తిరిగింది. మెల్లగ తునికి చెట్లల్లకు పోయింది.

ఆఫీసుకు పోయి, పని ఆపుండ్రి, ఎలుగున్నదన్న. సారు నా సంతకమే నాకు చూపిచ్చిండు.

మనిషున్న జాగల పేల్చొద్దని రూలు. తెల్లారి రెండింటికి నేను, సారక్క వదిన ఆ డబ్బా ముంగటనే, దానికి వీపు పెట్టి కూసున్నం. సైరన్ మోగింది. దూరంల గులాం భాయ్ పేల్చే మిషన్ చావి తిప్పలె.

మా ఎనుక రాళ్లు జారినయి. పిల్లలను మోసుకుంట ఎలుగు ఉరికొచ్చింది. మా పక్కపొంటే డబ్బాల జొచ్చింది. దాని బొచ్చు నా మోచేతికి రాసుకున్నది. 

వదిన కదలలె. తల తిప్పకుండనే, డబ్బాకు వినపడేటట్టు మెల్లగ అన్నది.

"నువ్వు లేవని రాసింది వీడే."