బొంబాయి మందు

ఆగమ్మ మోకాళ్ల మీద కూర్చుని, రబ్బరు గొట్టానికి క్లిప్పు బిగించి, మంచం కింది గాజు సీసాను బయటికి లాగింది. సంగారెడ్డి ఆసుపత్రిలో ఆయాగా ఎన్నో సీసాలు పారబోసింది. ఈ గొట్టం రెండో కొస మాత్రం సొంత తమ్ముడి పక్కటెముకల మధ్య నుంచి ఛాతీలోకి పోయింది. మొన్నటిదాకా పసుప్పచ్చగా వచ్చిన చీము ఇప్పుడు బూడిదరంగుకు తిరిగి, పాచిపోయిన రొట్టె మీది బూజులా తునకలుగా తేలుతోంది.

సీసా కడిగి, కాచి చల్లార్చిన నీళ్లు పోసి, మళ్లీ మంచం కింద పెట్టి క్లిప్పు తీసింది. బుడగలు లేచాయి. తమ్ముడు ఊపిరి పీల్చినప్పుడల్లా గొట్టంలో నీళ్లు పైకెక్కి దిగుతున్నాయి.

"ఏం పండిందక్కా ఇయ్యాల?" అన్నాడు మొగులయ్య, కళ్లు తెరవకుండానే.

"సప్పుడు జేయక పండుకో."

"ఏదేసినా పండే చేను మనది. అది ఫ్యాక్టరోళ్లకు వాయె. ఇగ నా ఛాతిల పండవట్టె."

నవ్వబోయి దగ్గాడు. ఆగమ్మ వీపు పట్టుకుంది. చేతికి ఎముకలే తగిలాయి.

పాశమైలారం దగ్గర వాళ్ల జొన్నచేను, మోటబావి మందుల ఫ్యాక్టరీ ప్రహరీ లోపలికి పోయాయి. వాటి వెనకాలే ఉద్యోగమంటూ మొగులయ్యా పోయాడు. మూతికి రుమాలు కట్టుకుని మందుపొడి జల్లించడం పని. దగ్గు పట్టుకుని సెలవడిగితే, సూపర్‌వైజరు త్రినాథరావు జల్లెడ కింది పొడినే కాగితంలో పొట్లం కట్టిచ్చాడు. అక్కడ అందరిదీ అదే అలవాటు. తలనొప్పికైనా, కాలు బెణికినా ఆ పొడే చిటికెడు. మొగులయ్య ఏడాది పొడుగునా తిన్నాడు. చక్కెర జబ్బు అప్పటికే ఒంటిని తినేసింది. చివరికి ఛాతీలో చీము పట్టింది.

"ఆ పొడి మామూలు క్రిముల్ని చంపుతుంది, బూజును చంపదు," అని డాక్టర్ హైమావతి కిందటి వారం త్రినాథరావు ఎదుటే చెప్పింది. "అడ్డొచ్చేవి చచ్చాక, నీరసించిన ఒంట్లో బూజుకి ఎదురే లేకుండా పోయింది. దీనికి వేరే మందుంది. బొంబాయిలో దొరుకుతుంది."

ఫ్యాక్టరీ వ్యాను వారం వారం బొంబాయి వెళ్తుంది. తెప్పిస్తానని త్రినాథరావు మాటిచ్చాడు. వ్యాను తిరిగొచ్చేది ఇవాళే.

మధ్యాహ్నం వరండా తుడుస్తుండగా హారన్ వినిపించింది. ఆగమ్మ గుడ్డ పారేసి గేటు దాకా ఉరికింది. త్రినాథరావు దిగాడు. రెండు చేతుల్లో ఒక డబ్బా, ప్రసాదం తెచ్చినట్టు.

"మేనేజరుగారే స్వయంగా ఇప్పించారు ఆగమ్మా. విదేశాలకి పంపే సరుకు."

డబ్బా మీద బొమ్మ చూసి ఆగమ్మ నిలబడిపోయింది. తెల్ల గోడలు, పొగగొట్టం.

"బొంబాయి మందు మీద గూడ మీ ఫ్యాక్టరీ బొమ్మనే ఉంటదా సారూ?"

త్రినాథరావు చెమట తుడుచుకున్నాడు. "మందుల ఫ్యాక్టరీ అయ్యుండి పక్కవాళ్ల మందు కొన్నామంటే పరువు తక్కువన్నారు. మన మందుకేం లోటని..."

"దగ్గొస్తె గిదే ఇస్తిరి. జ్వరమొస్తె గిదే ఇస్తిరి. సెలవడిగితె గిదే ఇస్తిరి. గిది తిన్నందుకే వాడు గిట్లయిండని డాక్టరమ్మ నీ ముంగట్నే జెప్పలే?"

"నేను చెప్పాను ఆగమ్మా. నా మాట ఎవరు వింటారక్కడ? నాకూ పిల్లలున్నారు."

"వాడు నీకు ఎదురుమాట జెప్పిండా ఎన్నడన్న? సారిచ్చిండని కండ్లకద్దుకొని తిన్నడు."

"వచ్చే వారం ఎలాగైనా..."

"అప్పటిదాక ఆగుతడేమో వాన్నే అడుగు, రా."

మణికట్టు పట్టుకుని వార్డులోకి లాక్కుపోయింది. అతను డబ్బాను గుండెకు అదుముకుని వెంట నడిచాడు.

మంచం దగ్గర ఆమె తమ్ముడి ముఖం చూడలేదు. కిందికి చూసింది. సీసాలో బుడగల్లేవు. గొట్టంలో నీళ్లు కదలడం లేదు. మోకాళ్ల మీద కూర్చుని, గొట్టం ఎక్కడైనా మడత పడిందేమోనని కొస దాకా తడిమింది. ఎక్కడా పడలేదు. డాక్టరమ్మ వచ్చి, నాడి చూసి, ఆగమ్మ భుజం మీద చెయ్యి వేసింది.

ఆగమ్మ ఆ చెయ్యి తీసేసి గొట్టానికి క్లిప్పు బిగించింది.

"అడుగు సారూ," అంది, గొంతు పెంచకుండా. "ఆగుతడేమో అడుగు."

త్రినాథరావు డబ్బా కిటికీలో పెట్టి, వెనక్కి నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రానికి దుప్పటి తీసేశారు, సీసా కడిగి బోర్లించారు. డబ్బా మాత్రం సీలు విప్పకుండా కిటికీలోనే ఉంది. దాని మీద తెల్ల గోడలు, పొగగొట్టం, ఆ గోడల పక్కన ఒక మూలగా, బొమ్మ వేసినవాడు తీసేయడం మరిచిన మొగులయ్య మోటబావి.